ఇంటి దగ్గరే కోడింగ్: ఏ సైట్ దేనికి, ఏ వరుసలో వాడాలి

"అన్నయ్యా, కోడింగ్ నేర్చుకోడానికి ఏ సైట్ మంచిది?" వారంలో ఒక్కసారైనా ఈ ప్రశ్న నాకు వస్తుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతుంటే అడుగుతారు. ఆమదాలవలస స్టేషన్‌లో బండి కోసం నిలబడితే అడుగుతారు. పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చుని కూడా అడుగుతారు. అడిగేవాళ్లలో డిగ్రీ పిల్లలు ఉంటారు, ఎచ్చెర్లలోనో రాజాంలోనో చింతలవలసలోనో బీటెక్ చదివేవాళ్లు ఉంటారు, పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి మళ్లీ మొదలుపెడదామనుకునే ఆడవాళ్లు ఉంటారు. రెండు నిమిషాల్లో నిలబడి చెప్పే జవాబు ఎవరికీ సరిపోవడం లేదు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

అడిగినవాళ్ల ఫోన్ తీసి చూస్తే అప్పటికే ఇరవై ముప్పై లింకులు సేవ్ చేసి ఉంటాయి. ఒక్కదాంట్లో కూడా మూడో పాఠం దాటి ఉండరు. కాబట్టి ఇంకో ముప్పై పేర్లు ఇవ్వడం నా ఉద్దేశం కాదు. పాఠానికి ఒకటి, సందేహం వస్తే చూసుకోడానికి ఒకటి, లెక్కలు (ప్రోగ్రామ్ రాసి చేసే సమస్యలు) సాధన చేయడానికి ఒకటి, రాసింది దాచుకోడానికి ఒకటి. మొదటి ఆరు నెలలకు ఈ నాలుగు చాలు. మిగతా లింకులన్నీ ఇవాళే తీసేయండి.

ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువే. డిగ్రీ అయ్యాక నేను హైదరాబాద్ వెళ్లి ఒక కోచింగ్ సెంటర్‌లో ఫీజు కట్టి, హాస్టల్‌లో నాలుగు నెలలు ఉన్నాను. ఆ డబ్బు మా నాన్న ధాన్యం అమ్మి పంపినది. అక్కడ చెప్పిన పాఠాలు తర్వాత ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా, అంతకన్నా వివరంగా దొరికాయి. ఆ రోజు వరసగా చెప్పేవాళ్లు ఉంటే ఊరు కదిలే పని ఉండేది కాదు.

కావలసినవి

- 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. 8 జీబీ ఉంటే హాయి. విండోస్ బాగా నెమ్మదిగా ఉంటే దాని బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి, అదే మెషీన్ తేలికగా నడుస్తుంది.
- ఫోన్‌లో రోజువారీ డేటా ప్యాక్. వైఫై తప్పనిసరి కాదు.
- సొంత ఈమెయిల్ ఐడి. కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో అన్ని అకౌంట్లూ తెరవకండి. చదువు అయిపోయాక అది ఆగిపోతే అకౌంట్లన్నీ చిక్కులో పడతాయి.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. ఇవి ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.
- రోజుకు గంట. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోవడం కన్నా రోజూ గంట నయం.

ల్యాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ అనే యాప్ వేసుకుంటే పైథాన్ నడుస్తుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. ఒక చిన్న కీబోర్డు తగిలించుకుంటే మొదటి రెండు నెలల పాఠాలకు ఏ ఇబ్బందీ ఉండదు. ఫోన్‌లో టెర్మక్స్ (లైనక్స్ కమాండ్లు నడిపే యాప్) కావాలనుకునేవాళ్లు దాన్ని ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్ స్టోర్ నుంచి తీసుకోండి, ప్లే స్టోర్‌లోది కాదు.

1. ఒక భాష, ఒక పాఠం ఎంచుకోండి

ఏ భాష అనే దగ్గరే నెల రోజులు పోగొట్టుకోకండి. కాలేజీలో సి నడుస్తుంటే సి తోనే మొదలుపెట్టండి, పరీక్షకూ పనికొస్తుంది. ఏదీ లేకపోతే పైథాన్. వెబ్‌సైట్లు చేయాలనే కోరిక బలంగా ఉంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్.

పాఠం మాత్రం మీ పరిస్థితిని బట్టి ఎంచుకోవాలి.

ఇంగ్లిష్ వింటే టెన్షన్ వచ్చేవాళ్లు ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్‌తో మొదలుపెట్టండి. ఒక్కో పాఠం పది నిమిషాల దాకా ఉంటుంది. భాషల జాబితాలో తెలుగు ఎంచుకుంటే తెలుగు ఆడియో ఉన్న పాఠాలు ఏవో చూపిస్తుంది. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, దీన్ని సినిమాలా చూస్తారు. ఈ పాఠాలు అలా చూడటానికి తయారు చేసినవి కావు. స్క్రీన్‌లో సగం వీడియో, సగం మీ ప్రోగ్రామ్ పెట్టుకుని, వాళ్లు ఒక లైన్ చెప్పగానే ఆపి మీరు ఆ లైన్ కొట్టాలి. జాగ్రత్త: కొన్ని పాఠాలు పాత సాఫ్ట్‌వేర్ మీద రికార్డు చేసినవి. మెనూలు వేరుగా కనిపిస్తే కంగారు పడకండి.

కాలేజీ పద్ధతిలో వారంవారీ పాఠం కావాలంటే ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపేది. పైథాన్‌తో డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని అమర్చుకునే పద్ధతులు) నేర్చుకోవాలంటే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి కోర్సు నేను ఎవరికైనా చెప్తాను. ఆయన ఏ ఆల్గరిథమ్‌నూ (లెక్క చేసే మెట్ల వరుసను) "ఇది ఇంతే" అని వదిలేయరు, ఎందుకు అలా పనిచేస్తుందో చూపిస్తారు. వీడియోలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, పరీక్ష కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివి అర్థం చేసుకోగలిగితే హార్వర్డ్ యూనివర్సిటీ సీఎస్50. డేవిడ్ మలాన్ గారి పాఠాలు. మొదటి వారం స్క్రాచ్‌తో బొమ్మలు జరుపుతూ మొదలవుతుంది, తర్వాత సి, ఆ పైన పైథాన్, డేటాబేస్‌లకు వాడే ఎస్‌క్యూఎల్. లెక్కలు కష్టంగానే ఉంటాయి. మూడో లెక్క దగ్గర వారం రోజులు ఆగిపోయినా మీలో లోపం ఉన్నట్టు కాదు, అందరికీ అక్కడ అంతే పడుతుంది. పైథాన్ ఒక్కటే కావాలంటే అదే ప్రొఫెసర్ చెప్పిన వేరే కోర్సు ఉంది.

వెబ్ వైపు వెళ్లేవాళ్లకు ఫ్రీకోడ్‌క్యాంప్. 2014లో క్విన్సీ లార్సన్ మొదలుపెట్టారు. చదివే పాఠం ఒక పక్క, కోడ్ రాసే చోటు ఇంకో పక్క ఉంటాయి, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అక్షరాలే ఎక్కువ కాబట్టి డేటా తక్కువ తింటుంది. పల్లెల్లో సిగ్నల్ రెండు గీతలే ఉన్నచోట ఇది బాగా పనికొస్తుంది.

ఈ నాలుగింటిలో ఒక్కటి. కాగితం మీద పేరు రాసి గోడకు అంటించండి. అది అయ్యేవరకు ఇంకోటి తెరవకూడదు.

2. సాఫ్ట్‌వేర్ వేసుకుని, నడుస్తోందో లేదో చూసుకోండి

ఇక్కడ పైథాన్ ఉదాహరణగా చెప్తున్నాను. పైథాన్ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. గూగుల్‌లో పైన ప్రకటనలుగా వచ్చేవాటి మీద నొక్కకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర కింద భాగంలో పాత్‌కి (విండోస్ ప్రోగ్రామ్‌లను వెతికే చోట్ల జాబితాకి) చేర్చమంటారా అని ఒక చిన్న పెట్టె కనిపిస్తే, ముందు అక్కడ టిక్ పెట్టాలి. పది మందిలో సగం మంది ఇక్కడే తప్పిపోతారు.

సరిగా పడిందో లేదో తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ (విండోస్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర) తెరిచి పైథాన్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. వెర్షన్ నంబరు, దాని కింద మూడు బాణం గుర్తులు వస్తే సరిగ్గా ఉన్నట్టు. మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటే పాత్ కుదరలేదని అర్థం. అప్పుడు తీసేసి మళ్లీ వేయండి, ఈసారి టిక్ మరిచిపోకండి.

మొదటి ఫైల్ రాసేటప్పుడు నాకు రోజూ ఎదురయ్యే తప్పులు మూడు.

ఒకటి, నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేస్తే పేరు చివర మనకు తెలియకుండా టీఎక్స్‌టీ అని ఇంకో తోక అతుక్కుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ పేర్ల ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుంటే అసలు పేరు బయటపడుతుంది.

రెండు, ఫైల్‌కి ర్యాండమ్ అని పేరు పెట్టి, లోపల ర్యాండమ్ మాడ్యూల్‌ని (పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్‌ని) పిలుస్తారు. పైథాన్ తన సొంత మాడ్యూల్ బదులు మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది, అర్థం కాని ఎర్రర్ ఇస్తుంది. ఫైల్ పేరు మార్చండి, అంతే.

మూడు, వాట్సాప్ నుంచో పీడీఎఫ్ నుంచో కోడ్ కాపీ చేస్తారు. అందులో కొటేషన్ గుర్తులు వంకర తిరిగి ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నా పైథాన్‌కి అవి వేరే అక్షరాలు. ఇన్‌వ్యాలిడ్ క్యారెక్టర్ అని వస్తే ముందు కొటేషన్లు చెరిపి మీ కీబోర్డుతో మళ్లీ కొట్టండి. అసలు కాపీ చేయకుండా చేత్తో కొట్టడమే మేలు.

పాత వీడియోల విషయంలో ఇంకో జాగ్రత్త. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా చెప్తుంటే అది పైథాన్ 2 పాఠం. దానికి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఆ వీడియో వదిలేయండి.

3. అసలు డాక్యుమెంటేషన్ చదవడం అలవాటు చేసుకోండి

డాక్యుమెంటేషన్ అంటే ఆ భాష గురించి రాసిన అధికారిక వివరణ. దీన్ని అందరూ దాటేస్తారు. పైథాన్‌కి దాని సొంత డాక్యుమెంటేషన్, వెబ్‌కి మొజిల్లా వాళ్ల ఎండీఎన్ అనే సైట్. 2005 నుంచి ఉన్న ఎండీఎన్‌లో ప్రతి ట్యాగ్‌కీ ఉదాహరణ, ఏ బ్రౌజర్‌లో పనిచేస్తుందో చెప్పే పట్టిక ఉంటాయి. డబ్ల్యూ3స్కూల్స్ త్వరగా ఒక ఉదాహరణ చూసుకోడానికి బాగుంటుంది, వాడండి. తేడా వచ్చినప్పుడు మాత్రం ఎండీఎన్ మాటే తీసుకోండి.

చదివే పద్ధతి చెప్తాను. పేజీ మొత్తం చదవద్దు. మొదటి పేరా చదవండి, తిన్నగా ఉదాహరణ దగ్గరకు దిగండి, దాన్ని మీ మెషీన్‌లో కొట్టి నడపండి, ఒక విలువ మార్చి మళ్లీ నడపండి. ఏం మారిందో అర్థమైతే పైకి వచ్చి మిగతాది చదవండి. ఇంగ్లిష్ ఇబ్బందైతే పేరాను గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పెట్టి తెలుగులో చూడొచ్చు. కోడ్ భాగాన్ని మాత్రం అందులో వేయకండి, కీలకమైన పదాలను కూడా తెలుగు చేసేస్తుంది.

4. నెట్ పోయినా నడిచేలా పెట్టుకోండి

మన జిల్లాల్లో ఇది తప్పనిసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. అంత పెద్ద తుపాను రానక్కర్లేదు, గట్టి వాన పడినా మన దగ్గర టవర్ పోతుంది. ఆ రోజు చదువు ఆగకూడదు.

పైథాన్ సైట్‌లోనే డాక్యుమెంటేషన్ మొత్తం ఒక జిప్ ఫైల్‌గా దొరుకుతుంది. దించి, విప్పి, ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ పెట్టుకోండి. చాలా భాషలు ఒకేచోట కావాలంటే జీల్ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్‌కీ లైనక్స్‌కీ ఉంది. కావలసిన భాష పేరు ఎంచుకుని ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే వెతుక్కోవచ్చు. ఇన్‌స్టాల్ చేయడం ఇష్టం లేకపోతే డెవ్‌డాక్స్ అనే సైట్ తెరిచి ఆఫ్‌లైన్‌కి దాచుకోమని చెప్పండి, బ్రౌజర్‌లోనే ఉండిపోతుంది.

సైట్లను దించుకుని నెట్ లేకుండా చదివే కివిక్స్ అనే ప్రోగ్రామ్ గురించి కూడా అడుగుతుంటారు. దాంతో ప్రోగ్రామర్ల ప్రశ్నలు, జవాబులు ఉండే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్ మొత్తాన్ని దించుకోవచ్చు, నిజమే. కానీ అది పదుల జీబీలు. ఫోన్ డేటాతో ప్రయత్నించకండి. ఏ కాలేజీ ల్యాబ్‌లోనో మంచి నెట్ ఉంటే, మేడం గారినో సార్‌నో అడిగి హార్డ్ డిస్క్‌లో ఒకసారి దించి ఊళ్లో పది మందికి పంచండి. చాలా పెద్ద సాయం అవుతుంది.

సరిగ్గా పెట్టుకున్నారో లేదో చూడాలంటే ఫోన్‌లో డేటా ఆపేసి, వైఫై తీసేసి, ఒక సాయంత్రం అలాగే పని చేయండి. ఎక్కడ ఆగిపోతే అది ఇంకా దించుకోలేదన్నమాట.

5. లెక్కలు చేయండి. ముందు కాగితం మీద.

చూసింది మరిచిపోతారు, చేసింది ఉంటుంది. సాధనకు నేను మొదట చెప్పేది ప్రాజెక్ట్ ఆయిలర్ అనే సైట్. 2001 నుంచి ఉంది. ఇది మీ కోడ్ చూడదు, జవాబు ఒక్కటే అడుగుతుంది. అందుకే ఏ భాష అయినా సరే.

మొదటి లెక్క ఇది. 1000 కన్నా తక్కువ ఉన్న సంఖ్యల్లో 3తో గానీ 5తో గానీ భాగించబడేవన్నీ కూడితే ఎంత? నరసన్నపేట నుంచి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి నా పక్కన కూర్చుని ఇది చేసింది. మొదట 234168 వచ్చింది. సైట్ తప్పు అంది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

"ముందు చిన్న లెక్క చెయ్యమ్మా. 1000 వదిలేసి 10 తీసుకో. కాగితం మీద రాయి" అన్నాను.

3, 5, 6, 9 అని రాసింది. మొత్తం 23. ప్రోగ్రామ్‌లో 1000 బదులు 10 పెట్టి నడిపితే 33 వచ్చింది. పది ఎక్కువ. అంటే 10ని కూడా కలిపేస్తోంది. "అన్నయ్యా, తక్కువ అన్నారు కదా, నేను సమానంగా ఉన్నదాన్నీ కలిపేశాను" అని తనే పట్టుకుంది. పైథాన్ రేంజ్‌లో (అంకెల వరుస ఇచ్చే ఫంక్షన్‌లో) 1000 అని రాస్తే 999 దగ్గరే ఆగుతుంది. తను జాగ్రత్త కోసమని 1001 రాసింది.

అది దిద్దాక, ఇంకో పద్ధతిలో కూడా చేసి చూద్దామని 3 గుణిజాలు వేరుగా, 5 గుణిజాలు వేరుగా కూడి రెండూ కలిపింది. 266333 వచ్చింది. మళ్లీ తప్పు. కానీ ఈసారి 10 పెట్టి చూస్తే 23 సరిగ్గానే వచ్చింది! ఇక్కడే చాలామంది "నా కోడ్ కరెక్టే, సైట్‌దే తప్పు" అనుకుంటారు. 20 పెట్టి చూడమన్నాను. కాగితం మీద 3, 5, 6, 9, 10, 12, 15, 18, మొత్తం 78. ప్రోగ్రామ్ 93 అంది. తేడా 15. 15 రెండు వైపులా ఉంది, రెండుసార్లు లెక్కకు వచ్చేసింది. 10 లోపల 15 లేదు కాబట్టి అక్కడ తప్పు దాక్కుంది. 15 గుణిజాల మొత్తం 33165 తీసేస్తే 233168. సైట్ ఒప్పుకుంది.

ఆ గంటలో ఆ అమ్మాయి నేర్చుకున్నది ఏ వీడియో చెప్పలేదు. చిన్న అంకెతో కాగితం మీద చేసి సరిచూసుకోవాలి. ఒక్క చిన్న అంకెతో ఆగకూడదు, రెండు మూడు వేరు వేరు అంకెలు పెట్టాలి.

లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) లోపల ఏం జరుగుతోందో అర్థం కాకపోతే పైథాన్ ట్యూటర్ అనే సైట్‌లో మీ కోడ్ పెట్టండి. ఒక్కో లైన్ నడుస్తుంటే ఏ వేరియబుల్‌లో (విలువ దాచుకునే పేరులో) ఏ విలువ ఉందో బొమ్మగా చూపిస్తుంది. సి, జావా కూడా చూపిస్తుంది. నాకు తెలిసినంతలో మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మేలు చేసిన సైట్ లేదు.

లీట్‌కోడ్, కోడ్‌చెఫ్, హ్యాకర్‌ర్యాంక్ ఉద్యోగ పరీక్షలకు కావాలి. కానీ మొదటి రెండు నెలలు వాటి జోలికి వెళ్లకండి. ఆయిలర్‌లో మొదటి పది లెక్కలు ఎవరి సాయం లేకుండా చేయగలిగాక వెళ్లండి.

6. ఎర్రర్ వస్తే ఏం చేయాలి

ఎర్రర్ రాగానే ఫోటో తీసి గ్రూపులో పెట్టకండి. ఈ వరుస పాటించండి.

ముందు చివరి లైన్ చదవండి. పైథాన్‌లో అసలు సంగతి అక్కడే ఉంటుంది. దాని పైన ఏ ఫైల్, ఎన్నో లైన్ అని ఉంటుంది. ఆ లైన్‌కీ, దానికి పై లైన్‌కీ వెళ్లి చూడండి. మూయని బ్రాకెట్ పై లైన్‌లో ఉండి, ఎర్రర్ కింది లైన్‌లో చూపించడం మామూలే.

అక్కడ తెలియకపోతే చివరి లైన్‌ను గూగుల్‌లో వేయండి. వేసే ముందు మీ ఫోల్డర్ పేరు, మీరు పెట్టుకున్న వేరియబుల్ పేర్లు తీసేయండి. అవి మీవి, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా ఉండవు. భాష పేరు పక్కన చేర్చండి.

వెతికితే చాలావరకు 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో పేజీలే పైన వస్తాయి. పచ్చ టిక్ ఉన్న జవాబే మంచిదని అనుకోవద్దు. ఆ టిక్ ప్రశ్న అడిగిన మనిషి పెట్టింది. అంతకన్నా ఎక్కువ ఓట్లు ఉన్న జవాబు ఉంటే అదీ చూడండి, తేదీ చూడండి, జవాబు కింద చిన్న అక్షరాల వ్యాఖ్యలు తప్పకుండా చదవండి. "ఇది కొత్త వెర్షన్‌లో పనిచేయదు" లాంటి సంగతులు అక్కడే ఉంటాయి. మీరే ప్రశ్న అడగాలంటే సమస్య కనిపించేంత చిన్న కోడ్ ముక్క, మీరు ఆశించింది, వచ్చింది, ఈ మూడూ రాయండి. వెయ్యి లైన్లు అతికించి "పని చేయట్లేదు" అంటే మూసేస్తారు. మూసేశారని బాధపడకండి, పాత ప్రశ్నకు దారి చూపించారంటే జవాబు దొరికినట్టే.

చాట్‌జీపీటీ, జెమినై లాంటివి వాడొచ్చా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. వాడండి. కోడ్ రాసిమ్మని అడక్కండి, "ఈ ఎర్రర్ ఎందుకు వచ్చింది, తెలుగులో చెప్పు" అని అడగండి. అవి లేని ఫంక్షన్ పేర్లు కూడా ఉన్నట్టే ధీమాగా చెప్తాయి. పేరు చెప్పగానే అసలు డాక్యుమెంటేషన్‌లో ఉందో లేదో చూడండి. ఏదైనా ప్యాకేజీ (వేరేవాళ్లు రాసి నెట్‌లో పెట్టిన కోడ్) ఇన్‌స్టాల్ చేయమంటే మరీ జాగ్రత్త: ఇవి కల్పించి చెప్పే పేర్లతోనే దొంగ ప్యాకేజీలు తయారు చేసి పెట్టేవాళ్లున్నారు. ఆ ప్యాకేజీ పేజీ తెరిచి ఎప్పటి నుంచి ఉంది, దాని అసలు కోడ్ ఎక్కడుంది చూసుకున్నాకే వేసుకోండి.

7. రాసింది గిట్‌హబ్‌లో పెట్టండి, సొంత పని ఒకటి చేయండి

గిట్ అనేది 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన పనిముట్టు. మీ ఫైళ్లలో ఎప్పుడు ఏం మారిందో గుర్తుపెట్టుకుంటుంది. గిట్‌హబ్ ఆ ఫైళ్లను నెట్‌లో దాచే చోటు. ల్యాప్‌టాప్ పాడైనా మీ పని పోదు, ఇంటర్వ్యూలో చూపించడానికీ ఉంటుంది. విద్యార్థులైతే కాలేజీ గుర్తింపు కార్డుతో స్టూడెంట్ ప్యాక్‌కి అప్లై చేయండి, డబ్బు పెట్టి కొనాల్సిన పనిముట్లు కొన్ని ఉచితంగా ఇస్తారు.

రెండు హెచ్చరికలు. రెండో దశ లాగిన్ పెట్టుకునేటప్పుడు రికవరీ కోడ్లు ఇస్తారు, వాటిని నోటు పుస్తకంలో రాసుకోండి. ఫోన్ పోతే అవే దిక్కు. పాస్‌వర్డ్లు, పాస్‌వర్డ్ లాంటి రహస్య కీలు కోడ్‌లో రాసి పైకి పంపకండి. పొరపాటున పంపితే ఫైల్ తీసేస్తే సరిపోదు, పాత చరిత్రలో ఉండిపోతుంది. వెంటనే పాస్‌వర్డే మార్చేయాలి.

ప్రాజెక్టు ఏం చేయాలి? నెట్‌లో దొరికే క్యాలిక్యులేటర్ మళ్లీ చేయకండి. ఇంట్లో ఎవరి లెక్క కష్టంగా ఉందో చూడండి. ఇందాక చెప్పిన అమ్మాయి వాళ్లమ్మ డ్వాక్రా సంఘం పొదుపు లెక్క తీసుకుంది. మొదటిసారి నడిపితే 500, 500 కలిపి 500500 అని చూపించింది. ఇన్‌పుట్‌తో వచ్చేది ఎప్పుడూ అక్షరాలే, అంకె కాదు. పూర్ణాంకంగా మార్చాకే కూడాలి. మార్చింది, వెయ్యి వచ్చింది. తర్వాత వాళ్లమ్మ పుస్తకంలోని పాత మూడు నెలల లెక్కలు వేసి, ప్రతి నెల మొత్తం పుస్తకంతో కలిసిందో లేదో చూసింది. ఒక నెల కలవలేదు. వెతికితే పుస్తకంలోనే కూడిక తప్పు. సంఘంలో ఆ రోజు నుంచి ఆ పిల్ల మాటకు విలువ పెరిగింది.

అలాగే పలాసలో జీడిపిక్కల కొనుగోలు లెక్క, పొందూరులో నూలు ఇచ్చి నేత తీసుకునే లెక్క, మీ ఊరి ఆర్టీసీ బస్సుల టైములు చూపించే చిన్న పేజీ. పేజీ అయితే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, లింకు ఊళ్లో అందరికీ పంపొచ్చు.

8. డబ్బు దగ్గర జాగ్రత్త

సీఎస్50 సర్టిఫికెట్ డబ్బు కట్టకుండానే హార్వర్డ్ వాళ్ల సొంత పేజీ నుంచి వస్తుంది. ఎడ్‌ఎక్స్ అనే కోర్సుల సైట్ ద్వారా వచ్చే ధ్రువీకరించిన సర్టిఫికెట్‌కే ఫీజు. ఫ్రీకోడ్‌క్యాంప్ సర్టిఫికెట్లు ఉచితం. ముందు డబ్బు కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ఆఫర్ లెటర్ ఇస్తాం అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు జీతం ఇస్తారు, మన దగ్గర తీసుకోరు. టెలిగ్రామ్‌లో దొరికే క్రాక్ సాఫ్ట్‌వేర్ కూడా వద్దు. ఇక్కడ చెప్పిన పనిముట్లన్నీ చట్టబద్ధంగా ఉచితమే, దొంగవి తెచ్చుకుని ల్యాప్‌టాప్‌లోకి వైరస్ పిలుచుకోవాల్సిన అవసరం లేదు.

నెల తర్వాత సరిచూసుకోవడం

మొదలుపెట్టిన తేదీ నోటు పుస్తకంలో రాయండి. సరిగ్గా ముప్పై రోజులకు నెట్ ఆపేసి, అన్ని ట్యాబులూ మూసి, ఖాళీ ఫైల్ తెరవండి. ఆయిలర్ మొదటి లెక్కను ఏమీ చూడకుండా రాయండి. 10, 20 పెట్టి సరిచూసుకోండి. అరగంటలో వస్తే రెండో నెల పాఠానికి వెళ్లండి. రాకపోతే పాఠం మార్చకండి, ఇంకో సైట్ వెతక్కండి. అదే కోర్సులో లూప్‌ల పాఠానికి వెనక్కి వెళ్లి, ఈసారి ప్రతి లైనూ చేత్తో కొడుతూ చేయండి. వారం ఆగి మళ్లీ ఖాళీ ఫైల్ తెరవండి.